సెనేటర్ ఒచెపో తొలి ప్రసంగం

ఆ మంగళవారం ఉదయం సెనేటర్ ఒచెపో ఇడోకో సభలో నోరు విప్పాలని నిశ్చయించుకున్నారు. ఎనిమిదేళ్లు గవర్నరుగా రాష్ట్రాన్ని ఏలి, ఆ అలసట తీర్చుకోవడానికి దేశ రాజధాని అబూజా సెనేట్‌కు వచ్చిన పెద్దమనిషి ఆయన. మూడేళ్లుగా అక్కడ నోరు తెరిచింది ఆవలించడానికే. ఎన్నికలు దగ్గరపడేసరికి, మాట్లాడితేనే టికెట్టని పార్టీ కబురంపింది.

ప్రసంగం రాసింది ఆయన సహాయకురాలు ఎనెహి. నియోజకవర్గంలోని ఒగ్వాలే రోడ్డు గురించి రాసింది. దానికి రెండుసార్లు ప్రారంభోత్సవం జరిగింది, తారు మాత్రం ఒక్కసారీ పడలేదు. ఎనెహి వాళ్లమ్మ ఆ రోడ్డు గుంతల్లోనే బైకు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

"ఎక్సలెన్సీ, ముందోసారి చదువుకోండి," అంది. గవర్నరు పదవి పోయినా, అలా పిలవకపోతే ఆయన పలకరు.

ఆయన వేయించిన అరటిముక్క నములుతూ, "ఎవడి మీద రాశావ్?" అన్నారు.

"ఆ పని మంజూరు చేసిన గవర్నరు మీద."

"నా తర్వాత వచ్చిన ఆ విశ్వాసం లేని వెధవ మీదేగా. కుర్చీ ఎక్కించింది నేను, ఇప్పుడు నా ఫోనే ఎత్తడు. బాగా వాయించావా?"

"అది కాదండీ, మంజూరైన తారీఖు చూస్తే..."

"ముందే చెప్పేయకమ్మా. ఆవేశం చల్లారిపోతుంది."

సభలో ఆవేశం నిజంగానే కట్టలు తెంచుకుంది. కాగితం అయిపోయినా ఆయన ఆగలేదు. "ఆ గవర్నర్ని పది రోజుల్లో ఇక్కడికి రప్పించాలి. రాకపోతే పోలీసుల చేత ఈడ్పించాలి," అన్నారు. సభలో సగంమంది మాజీ గవర్నర్లే. రోడ్డు తమ రాష్ట్రానిది కాదని తేలాక అందరూ బల్లలు చరిచారు.

నోటీసు సొంతూళ్లోని సెనేటరుగారి బంగళాకే వెళ్లింది. కాపలాదారు దాన్ని పెళ్లిపిలుపు అనుకున్నాడు. అమ్మగారు విప్పకుండానే పిలుపుల కుప్పలో పడేశారు. పదోనాడు ఎవరూ హాజరు కాలేదు.

"చూశారా వాడి పొగరు," అంటూ సెనేటర్‌గారే లేచి వారంటు అడిగారు.

బయటికొచ్చాక ఎనెహి ఉండబట్టలేక, "ఆ వారంటులో ఎవరి పేరుందో చూశారా, ఎక్సలెన్సీ?" అంది.

"పేర్లు చూసి న్యాయం చేస్తారటే?"

మర్నాడు ఇన్‌స్పెక్టరు టోపీ చేత్తో పట్టుకుని ఆయన ఆఫీసుకొచ్చాడు.

"వాడు దొరికాడా?" అన్నారు సెనేటరు.

"దొరికారు సార్. తమరే."

ఆయన వారంటు వైపూ, ఎనెహి వైపూ చూశారు. "నీకు ముందే తెలుసా?"

"చెప్పబోతే మీరు వినలేదు."

"వినకపోతే అరిచి చెప్పాలి. రేపట్నుంచి రాకు."

మాజీ గవర్నర్లతో నిండిన విచారణ సంఘం ఆయనకు టీ ఇచ్చి, ఫైలుకు చెద పట్టిందని రాసుకుని పంపేసింది. ఈలోగా ఆయన పోలీసు జీపెక్కుతున్న ఫొటో దేశమంతా పాకింది. తన మీద తానే వారంటు తెప్పించుకున్న సత్యసంధుడన్నారు జనం. పార్టీ పోటీ లేకుండా టికెట్టిచ్చింది.

ఉద్యోగం పోయిన ఎనెహి ఊరు చేరేసరికి ఆయన ఊరేగింపు బయల్దేరుతోంది. విరిగిన చేతికి కట్టుతోనే వాళ్లమ్మ ముందు వరసలో చిందేస్తోంది.

"అమ్మా, ఆ రోడ్డు తిన్నది ఈయనే."

"తెలుసే. తిన్నవాళ్లలో తనంతట తానే బయటపడ్డవాడు ఈయనొక్కడేగా."

ఒగ్వాలే రోడ్డు మీద నడిచే వీల్లేక ఊరేగింపు పెండలం చేలల్లోంచి వెళ్లింది.