న్యూ ఫోల్డర్ (3) మీద అభ్యంతరాలు

ఒక వస్తువును పారేసే ముందు దాన్ని మూడు ప్రతుల్లో నమోదు చేయని జాతి బాగుపడినట్టు చరిత్రలో ఎక్కడా దాఖలా లేదు. ఈ సంగతి రాజోలు మొత్తానికి తెలిసిన మనిషి ఒక్కరే. ఆయన ఏసుదాసు గారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై మూడేళ్లు రికార్డు గదిని కాపాడి, ఒక్క కాగితం కూడా పోనివ్వకుండా (ఎవరికీ దొరకనివ్వకుండా కూడా) రిటైరయ్యారు.

రెండువేల ఆరు జూలైలో ఆయన ఇంటి కంప్యూటరు పనిచేయడం మానేసింది. పూర్తిగా కాదు, సీనియర్ గుమాస్తాలు మానినట్టు మానింది. పొద్దున్నే బటన్ నొక్కితే, ఏసుదాసు గారు స్నానం, ప్రార్థన, టిఫిను ముగించుకుని వచ్చేసరికి తెర మీద నీలం రంగు కనపడేది. మౌసు కదిపితే బాణం కాసేపు ఆలోచించుకుని కదిలేది. చివరికి ఒకరోజు, డిస్కులో చోటు లేదని ఇంగ్లీషులో రాతపూర్వకంగా తెలియజేసింది. రాతపూర్వకంగా వచ్చింది కాబట్టి చర్య తీసుకోక తప్పలేదు.

దాన్ని కొన్నది తొంభై తొమ్మిదిలో, కూతురు జెస్సీ చదువు కోసం. జెస్సీ చదువైపోయి కాకినాడలో ఉద్యోగం, కాపురం రెండూ పెట్టేసింది. కంప్యూటరు మాత్రం ముందు గదిలో, పాత దుప్పటితో కుట్టిన ముసుగు కప్పుకుని ఉండిపోయింది. ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ రాకూడదు. (వైరస్ చెప్పులకు అంటుకుని వస్తుందని అప్పట్లో చదువుకున్నవాళ్లు కూడా నమ్మేవారు.)

ఇప్పుడు దాన్ని వాడేది ఇద్దరే. ఒకరు ఏసుదాసు గారు. రెండోవారు ఆయన భార్య, హైస్కూల్లో తెలుగు పండిట్ విజయకుమారి గారు. ఆవిడ రెండేళ్లుగా సాయంత్రం బడి నుంచి రాగానే ఆ కుర్చీలో కూర్చుని ఊడ్పు పాటలు (వరి నాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడుకునేవి) టైపు చేస్తున్నారు. ఆవిడ తల్లి చిన్నమ్మలు మామిడికుదురు దగ్గర చేలల్లో నలభై ఏళ్లు వరి ఊడ్చిన మనిషి. ఆమెతో పాడిన ఆడవాళ్లలో ఇప్పుడెవరూ మిగలలేదు. ఆమెకు ఎనభై దాటాయి. వెళ్లినప్పుడల్లా ఒకటీ రెండూ పాడించుకుని, చీటీల మీద రాసుకుని, ఇంటికొచ్చి టైపు చేసి, చీటీలు పారేసేవారు విజయకుమారి గారు. అలా నూట నలభై అయ్యాయి. పుస్తకం వేయించాలని ఆవిడ కోరిక. భార్య ఏదో టైపు చేస్తోందని ఏసుదాసు గారికి తెలుసు. ఏమిటని ఆయన అడగలేదు. (తన బల్ల మీదికి రాని విషయాన్ని విచారించడం ఆయన సర్వీసులోనే లేదు.)

విజయకుమారి గారు పది రోజుల శిక్షణకు కాకినాడ వెళ్లారు. బస్సు కదిలిన గంటలో ఏసుదాసు గారు 'పనికిరాని ఫైళ్ల ధ్వంస సంఘం' ఏర్పాటు చేశారు. అధ్యక్షుడు తానే. సభ్యురాలు విజయకుమారి గారు. కోరం ఒకరు.

మొదటి సమావేశం అక్షరాలను (ఫాంట్లను) పరిశీలించింది. కంప్యూటరులో రెండువందల పన్నెండు రకాల అక్షరాలున్నట్టు తేలింది. ఒక ఇంటికి ఇన్ని అక్షరాలు అనవసరమని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడి, పదింటిని ఉంచి మిగతావి తొలగించింది. పోయినవాటిలో విజయకుమారి గారి తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి.

రెండో సమావేశంలో ఫైళ్లను మూడు తరగతులుగా విభజించారు. ఏసుదాసు గారి పదవీ విరమణ ప్రసంగం పదకొండు ప్రతులు ('ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' వగైరా) శాశ్వతంగా ఉంచాల్సినవి. ఆ సభలో దండ వేయించుకుంటున్న ఫొటోలు, దండ తీసేస్తున్న ఫొటోలు కూడా అంతే. తర్వాత 'న్యూ ఫోల్డర్ (3)' అనేది ఒకటి తగిలింది. తెరిస్తే, తెలుగు అక్షరాలు పోయాయి కాబట్టి, తెర నిండా ఇంగ్లీషు ముక్కలూ చుక్కలూ డాలరు గుర్తులూ పడ్డాయి. ఏసుదాసు గారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. రిజిస్టరులో 'సారాంశం' అన్న గడిలో 'అర్థం కాలేదు' అని రాసి, పక్కన 'వైరస్ కావచ్చు' అని బ్రాకెట్లో పెట్టారు.

చట్టం తెలిసిన మనిషి కాబట్టి వెంటనే చెరపలేదు. జాబితా మూడు ప్రతులు రాసి, ఒకటి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. అభ్యంతరాలుంటే వారం రోజుల్లో లిఖితపూర్వకంగా తెలపాలి. భార్య రోజూ ఫోను చేసేవారు. ఏసుదాసు గారు వానల గురించీ, తను వండుకున్న పప్పు గురించీ మాట్లాడారు గానీ నోటీసు మాట ఎత్తలేదు. నోటితో చెబితే నోటీసు విలువ పడిపోతుంది.

ఎనిమిదో రోజు పొద్దున ఫ్రిజ్ తలుపు పరిశీలించి, అభ్యంతరాలు రాలేదని ధ్రువీకరించి, న్యూ ఫోల్డర్ (3)ని చెత్తబుట్టలోకి పంపారు. బుట్టను కూడా ఖాళీ చేసి, టైము వేసి, సంతకం పెట్టారు. అక్కడితో ఆగినా బాగుండేది. డిస్కును సర్దే ప్రోగ్రాము ఒకటి నడిపారు. తెర మీద ఎర్ర గళ్లూ నీలం గళ్లూ ఒక్కొక్కటే జరిగి వరసలో కూర్చుంటుంటే, ముప్ఫై మూడేళ్ల సర్వీసులో చూడని క్రమశిక్షణ చూసి ఆయన కళ్లు చెమర్చాయి. ఏడు గంటలు కదలకుండా చూశారు.

విజయకుమారి గారు శనివారం వచ్చారు. కాళ్లు కడుక్కుని, కాఫీ గ్లాసుతో వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నారు.

"ఏవండీ, నా ఫోల్డరు కనపడట్లేదేంటి?"

"ఏ ఫోల్డరు?"

"మూడో నంబరుది. మా అమ్మ పాటలు."

ఏసుదాసు గారు రిజిస్టరు తెచ్చి వేలు పెట్టి చూపించారు. "పద్ధతి ప్రకారమే చేసేను, విజయా. ఫ్రిజ్ మీద వారం రోజులు ఉంచేను."

"కాకినాడ నుంచి మన ఫ్రిజ్ ఎలా కనపడుద్దండీ?"

"నోటీసు ఇచ్చేమా లేదా అన్నదే..." అని మొదలుపెట్టి, భార్య మొహం చూసి ఆగిపోయారు. ఆవిడ అరవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, "పుస్తకానికి ముందుమాట కూడా రాసేసేనండీ," అని లేచి వంటగదిలోకి వెళ్లిపోయారు.

ఆ రిజిస్టరులో ఫోల్డరు పేరుంది, పుట్టిన తేదీ ఉంది, సైజు ఉంది, చెరిపిన టైము ఉంది, ఆనాటి వాతావరణం కూడా ఉంది. 'అర్థం కాలేదు' అన్న మాట కింద తన సంతకం ఉంది. మంచి సంతకం. ఏసుదాసు గారు చాలాసేపు దాన్నే చూశారు. ఒక ఫైలు పోవడం అంటే ఏమిటో ఆయనకు అప్పుడే మొదటిసారి తెలిసింది.

సోమవారం అమలాపురం నుంచి సత్యప్రియను పిలిపించారు. ఆవిడ కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతుంది. పెట్టె విప్పితే లోపల దూది పరుపుకు సరిపడా దుమ్ము, ఒక ఎండిన బల్లి కనపడ్డాయి. ఆవిడ అవి తీసేసి, గంటన్నర తంటాలుపడింది. విజయకుమారి గారు దాచిన ఒక్క ఫ్లాపీ పెట్టి చూస్తే, కొబ్బరి కోరిన చప్పుడు చేసి ఊరుకుంది. మన ఉప్పుగాలికి దానికి బూజు పట్టింది.

"చెరిపినా తీయొచ్చండీ మామూలుగా," అంది సత్యప్రియ. "కానీ సర్దేసేరు కదండీ. ఖాళీ అయిన గదిలో వేరే సామాను పెట్టేసేక పాతదెక్కడుంటుందండీ? సర్దకుండా వదిలేస్తే దొరికేదండి."

"అంటే... నేను శుభ్రంగా చేయడం వల్ల పోయిందా?"

"ఆయ్, చాలా శుభ్రంగా చేసేరండీ."

(సర్వీసులో ఆయనకు వచ్చిన ఏకైక ప్రశంస ఇదే. అదీ రిటైరయ్యాక.)

ఇక మిగిలింది చిన్నమ్మలు గారు. మర్నాడు భార్యాభర్తలిద్దరూ కొత్త నోటు పుస్తకంతో మామిడికుదురు దారి పట్టారు. చిన్నమ్మలు అరుగు మీద కూర్చుని ఆరు పాటలు పాడి, ఏడోది సగంలో ఆపేసింది.

"రాట్లేదు బాబూ."

"నెమ్మదిగా గుర్తు చేసుకోండి, అత్తయ్యగారూ."

"బుర్రలో ఉండేవి కాదు బాబూ అయ్యి. కాళ్లు బురదలో ఉంటే నోటికొచ్చేవి. రెండేళ్లూ పిల్ల వచ్చినప్పుడల్లా చేలో బోదె కాలవలో కాళ్లెట్టుకుని పాడేను."

విజయకుమారి గారు ఔనన్నట్టు తలూపారు. ఏసుదాసు గారు అక్కడికక్కడే ఒక దరఖాస్తు రాశారు. ఆ పక్కనే సత్తిరాజు గారి చేలో ఊడ్పులు జరుగుతున్నాయి. చిన్నమ్మలు ఒకప్పుడు పనిచేసింది వాళ్ల నాన్నగారి దగ్గరే. 'పై తెలిపిన మడిలో ఒక వృద్ధురాలు కాళ్లు పెట్టుకొనుటకు అనుమతి కోరుట గురించి' అన్న కాగితాన్ని సత్తిరాజు గారు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఆయ్, దీనికి కాయితమెందుకండీ, రమ్మనండి. అయినా మా చేలో పాటలు పాడేవారాండీ? మా నాన్నగారి కేకలే గుర్తండి నాకు."

కూతురు చెయ్యి పట్టుకుని చిన్నమ్మలు మడిలోకి దిగింది. బురద మడమలు దాటాక కళ్లు మూసుకుంది. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చింది. ఊడుస్తున్న కుర్ర ఆడవాళ్లు ముందు నవ్వారు, తర్వాత పల్లవి అందుకున్నారు. ఏసుదాసు గారు గట్టు మీద గొడుగు కింద కూర్చుని, చెమటలు కక్కుతూ, ఒక్క మాట వదలకుండా రాశారు. మధ్యాహ్నానికి ముప్ఫై ఎనిమిది అయ్యాయి. రేపూ రావాలి, ఎల్లుండీ రావాలి. అన్నీ వస్తాయని చిన్నమ్మలు మాటివ్వలేదు. విజయకుమారి గారు మాత్రం శనివారం తర్వాత మొదటిసారి భర్త వైపు చూసి, మంచినీళ్ల సీసా అందించారు.

అప్పుడు చిన్నమ్మలు కొత్తదొకటి ఎత్తుకుంది. కూతురు కూడా అంతకుముందు వినలేదు.

"గట్టు మీద కూకున్న రాతగాడా
నీ సిరా ఆరేలోపు మా ఊడుపైపోయె"

ఆడవాళ్లు ఒంగినచోటే పడీపడీ నవ్వారు. ఏసుదాసు గారు రెండు పంక్తులూ రాసుకుని, కలం ఆపి అడిగారు.

"ఈ పాట ఎవరి మీదండీ, అత్తయ్యగారూ?"

"ఒకళ్ల మీదని కాదు బాబూ. మేం మడిలో ఉంటే, పుస్తకం పట్టుకుని గట్టు మీద కూచునేవోళ్లు ఉంటారు కదా. ఆళ్ల మీద."

ఏసుదాసు గారు గొడుగు కొంచెం సర్దుకుని, అది కూడా రాసుకున్నారు.