గూట్లో ఉండాల్సింది

హెయిర్ డ్రెస్సింగ్ కోర్సులో చేరడానికి ఆ రోజే ఆఖరు. నాన్న సంతకం కావాలి. "జుట్టు కత్తిరించడం కూడా ఒక చదువేనా?" అని ఆయన అప్పటికే కొట్టిపారేశాడు. చిన్నప్పటినుంచీ కనపడిన తలనల్లా దువ్వి 'దువ్వెన' అని పేరు తెచ్చుకున్న ఆయన కూతురు, పొద్దున లేస్తూనే ఒక ఎత్తు వేసింది. నాన్న స్నానం ముగించేలోగా ఆయన విగ్గును కడిగి, ఆరబెట్టి, నిగనిగలాడేలా దువ్వి గూట్లో పెట్టేయాలి. పెద్ద మీటింగుకు వెళ్లే మనిషి అద్దంలో చూసుకుని మురిసిపోతాడు. అదను చూసి సంతకం అడగాలి.

చిక్కల్లా ఒక్కటే. ఆ ఇంట్లో విగ్గు అనే మాట ఎవరూ అనరు. నెత్తిమీదున్నది సొంత పంటే అన్నట్టు నాన్న ఉంటాడు, ఔనన్నట్టు అమ్మా కూతురూ ఉంటారు. అందుకే అది దేంతో చేశారో దువ్వెన ఏనాడూ అడగలేకపోయింది.

అది నైలాను. డ్రయ్యరు వేడి తగలగానే ముందు వెంట్రుకలు మెలికలు తిరిగి ముడుచుకుపోయాయి. సాగదీద్దామని ఇస్త్రీపెట్టె ఆనిస్తే ముద్దకట్టాయి. ముద్ద కత్తిరిస్తే బొక్క పడింది. బొక్క కనపడకుండా చుట్టూ తగ్గిస్తూ పోతే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చేతిలో గిన్నెలు తోమే పీచంత మిగిలింది.

స్నానాలగది తలుపు తెరుచుకుంది.

"ఏమేవ్! ఇక్కడ ఉండాల్సింది ఏమైందే?" అన్నాడు నాన్న.

"ఏదండీ? తువ్వాలా?" అంది అమ్మ.

"తువ్వాలు కాదు."

"కళ్లజోడా?"

"కాదే! అదే... గూట్లో ఉండాల్సింది!"

"సబ్బా?"

ఏళ్ల తరబడి తెలియనట్టు ఉన్న మనిషి, ఉన్నపళంగా తెలిసినట్టు ఎలా ఉంటుంది పాపం! బయట ఆఫీసు కారు హారను మోగింది.

"విగ్గే! నా విగ్గు!" అని నాన్న అరిచేశాడు.

ఆ మాట ఆ ఇంట్లో వినపడటం అదే మొదటిసారి. దువ్వెన వచ్చి ఆ పీచు చూపించింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"కొంప ముంచావు కదే! హెడ్డాఫీసు వాళ్ల ముందుకు ఈ తలతో ఎలా వెళ్లను?"

"తప్పైపోయింది నాన్నా. కానీ నిజం చెప్పనా? అది నీకు ఎప్పుడూ నప్పలేదు," అనేసి నాలుక కరుచుకుంది దువ్వెన. ఆయన తేరుకునేలోగా ట్రిమ్మరు అందుకుని, చెవుల పక్కన వేలాడుతున్న పోచలు తీసేసి, అంచులు నున్నగా సర్దింది. నాన్న అద్దమైనా చూసుకోకుండా కారెక్కి వెళ్లిపోయాడు.

కోర్సు సంగతి దేవుడెరుగు, నాన్న నలుగురిలో నవ్వులపాలవుతాడేమోనని దువ్వెనకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నమే ఆయన ఇంటికి వచ్చేసేసరికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఒక్కడు ఆశ్చర్యపోతే ఒట్టు!" అన్నాడు నాన్న, బూట్లయినా విప్పకుండా. "'హమ్మయ్య సార్, ఇన్నాళ్లూ ఎటు చూసి మాట్లాడాలో తెలిసేది కాదు' అన్నాడు మేనేజరు. లిఫ్టు నడిపేవాడితో సహా అందరికీ తెలుసట! వాళ్లకు తెలుసని నాకే తెలీదు!"

దువ్వెన కళ్లు తుడుచుకుని ఆయనకేసి చూసింది.

"చూస్తావేం? పద, ఆ కోర్సు వాళ్ల ఆఫీసు మూసేలోగా సంతకం పెట్టేసొద్దాం. జుట్టు గురించి మొహం మీద నిజం చెప్పే మనిషి ఇంటికొకరు ఉండాలి."

ఆ మాట వినగానే అమ్మ చప్పుడు కాకుండా లోపలికి వెళ్లి, తన హెయిర్ డై డబ్బాను బట్టల మడతల కిందకు తోసేసింది.