జావా టాంకుకి రెండో కోటింగు

ఆ రెండో శనివారం ఉదయం ఉదయ్‌భాస్కర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రం మామగారు పిఠాపురం నుంచి తిరిగొచ్చేలోపు ఆయన పాత జావా మోటారుసైకిలు పెట్రోలు టాంకుకి రంగు వేసి, ఆరబెట్టి, బండికి బిగించెయ్యాలి. అంతే.

ఉదయ్‌భాస్కర్ అమలాపురంలో హైస్కూలు మాస్టారు. సెలవు రోజుల్లో పాత బళ్ళ టాంకులు విప్పి, ఉన్న రంగు గీకి, కొత్తది వెయ్యడం అతని సరదా. తోటి మాస్టార్లవి ఇప్పటికి మూడు చేశాడు, మూడూ బాగానే వచ్చాయి. మామగారు గోపాలకృష్ణమూర్తిగారికి మాత్రం ఈ విద్య మీద నమ్మకం లేదు. ఆయన రైసుమిల్లు యజమాని, అరచేతిలో కాయలు చూసి మనిషికి విలువ కట్టే రకం. "అల్లుడుగారి చేతులు చాక్‌పీసుకి సరిపోతాయి. టాంకు రాజమండ్రి పెయింటరుకి ఇద్దాం" అని కూతురు పావనితోనే అన్నారు. పెళ్ళయి ఆరేళ్ళయినా, కాఫీ తాగడం తప్ప ఇంకో పని ఆ ఇంట్లో అతనికి అప్పగించిన పాపాన ఎవరూ పోలేదు. అందుకే శుక్రవారం తెల్లవారుజామున అత్తమామలూ, పావనీ దర్శనానికి కారెక్కి పిఠాపురం వెళ్ళగానే, స్కూలుకి సెలవు పెట్టి ఇంటికి కాపలా ఉన్న అల్లుడు టాంకు విప్పాడు. ఇది బాగా వస్తే ఆ ఇంట్లో తనూ ఒక మనిషి. రాకపోతే జన్మంతా చాక్‌పీసే.

శుక్రవారమంతా గీకడంతోనే సరిపోయింది. రంగు ఊడదీసే మందు పూసి బ్లేడుతో లాగితే పైన నలుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఎవరు ఎందుకు వేశారో తెలియని పసుపు, అన్నిటికీ అడుగున 1967 నాటి అసలు మెరూను బయటపడ్డాయి. ఆ మెరూను చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం రావులపాలెం వెళ్ళి అదే షేడు కలిపించి తెచ్చాడు.

శనివారం పొద్దున్నే మొదటి కోటింగు వేశాడు. ఇల్లూ, మిల్లూ ఒకే ఆవరణలో ఉన్నాయి. కోతల రోజులు కావడంతో మిల్లు రాత్రీ పగలూ ఆడుతోంది. గంట తిరిగేసరికి ఊక దుమ్ము పడి టాంకు నువ్వులద్దిన అరిసెలా తయారైంది. ఉదయ్‌భాస్కర్ వాటర్‌పేపరుతో దాన్నంతా మళ్ళీ రుద్ది, నేరుగా మిల్లు నడిపే వీరాస్వామి దగ్గరికి వెళ్ళి, ఒక్క రెండు గంటలు మిల్లు ఆపమన్నాడు.

వీరాస్వామి తల గోక్కున్నాడు. "కోతల్లో పట్టపగలు మిల్లు ఆపడం లేదండి బాబుగారూ. పెద్దయ్యగారు పోయినరోజు ఆపాం. మళ్ళీ పెద్దమ్మగారు పోయినరోజు ఆపాం. అంతేనండి."

"అయితే ఆపడం వచ్చుగా. ఆపెయ్," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

మిల్లు ఆగింది. నెల రోజులుగా పగటినిద్ర ఎరగని వీరాస్వామి ధాన్యం బస్తాల వెనక్కి వెళ్ళి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. ఉదయ్‌భాస్కర్ రెండో కోటింగు కొట్టాడు. అరుగు మీద నవారు మంచం వేసి, దాని మీద రెండు ఇటికలు పెట్టి, ఇటికల మీద టాంకు నిలబెట్టాడు. చుట్టూ దోమతెర కట్టాడు. అదీ చాలదనిపించి, దండెం మీదున్న మామగారి జరీ పంచె తెచ్చి పైన కప్పాడు. ఆఖరి పూతకి థిన్నరు తక్కువైందని గుర్తొచ్చి, స్కూటరెక్కి మళ్ళీ రావులపాలెం బయల్దేరాడు. వీధి గేటు దగ్గరగా వేశాడు గాని గడియ పెట్టలేదు.

ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి చెవులు మిల్లు చప్పుడుకి అలవాటుపడిపోయాయి. అది ఆగేసరికి జనం ఉలిక్కిపడి వీధుల్లోకి వచ్చారు. కరెంటుందా అని చూసుకున్నారు, ఉంది. దాంతో అందరికీ ఒకటే అనుమానం వచ్చింది. పక్కింటి సంపూర్ణమ్మగారు గేటు తోసి తొంగిచూశారు. అరుగు మీద మంచం, తెల్లటి తెర, పైన ఆ ఇంటి యజమాని పంచె కనిపించాయి. ఆసుపత్రిలోలాగా ఘాటు వాసన కూడా వచ్చింది. నిన్న చీకటితో ఆయన కారులో వెనక్కి వాలి వెళ్ళడం ఆవిడ కళ్ళారా చూశారు. అప్పటికే ఒంట్లో బాగాలేదన్నమాట, పిఠాపురం నుంచే తీసుకొచ్చేశారన్నమాట, అల్లుడు పాపం మిగతా ఏర్పాట్లకి వెళ్ళాడన్నమాట. మూడు అన్నమాటలతో ఆవిడ బయటికొచ్చేసరికి ఊరికి విషయం పూర్తిగా తెలిసిపోయింది.

పదకొండింటికల్లా ఆవరణ నిండిపోయింది. కోత కోస్తున్నవాళ్ళు కొడవళ్ళు గట్టున పెట్టి వచ్చారు. తెర తీసి చూసే చొరవ ఎవరికీ లేదు, అది ఇంట్లోవాళ్ళ పని. బయటినుంచే చూసి మనిషి ఎంత చిక్కిపోయాడో అని బాధపడ్డారు. దండలు తెచ్చినవాళ్ళు తెచ్చినట్టు పంచె మీద వేశారు. ఇరవై దండల దాకా దోమతెర ఓర్చుకుంది. ఇరవై ఒకటో దండకి తాళ్ళు తెగి అంతా టాంకు మీదికి దిగింది.

అక్కడ రావులపాలెంలో పెయింటు షాపాయన థిన్నరు డబ్బా చేతికిస్తూ సానుభూతిగా చూశాడు. "మీ మావయ్యగారు పోయారటగదండీ. మీ ఊళ్ళోంచి పక్క పూలకొట్టుకి ఇప్పుడే ఫోనొచ్చింది. ముప్పై దండలు కావాలన్నారు."

పిఠాపురంలో ఏదో జరిగింది, కబురు ఊరికి వచ్చింది, తను మాత్రం థిన్నరు కోసం ఇక్కడ నిలబడ్డాడు అనుకున్నాడు ఉదయ్‌భాస్కర్. మామగారు తనని ఎంత తీసిపారేసినా, ఆయనంటే తనకి ఇంత ఇష్టమని ఆ క్షణందాకా అతనికే తెలియదు. ఆ మెరూను రంగు చూడకుండానే వెళ్ళిపోయారే అని గుండె చెరువైంది. పక్క కొట్లో అన్నిటికన్నా పెద్ద దండ కొని, స్కూటరు హేండిలుకి తగిలించి, దారంతా ఏడుస్తూ వచ్చాడు.

అల్లుణ్ణి చూసి జనం దారిచ్చారు. అతను దండ పట్టుకుని మంచం దాకా వెళ్ళి, పూలగుట్ట కింద ఉన్నదేమిటో గుర్తుపట్టాడు. సరిగ్గా అప్పుడే వాకిట్లో కారాగింది. దర్శనం తొందరగా అయిందని వాళ్ళు మధ్యాహ్నానికే వచ్చేశారు. ముందు దిగిన అత్తగారిని సంపూర్ణమ్మగారు కావలించుకుని బావురుమన్నారు. రెండో తలుపులోంచి దిగిన గోపాలకృష్ణమూర్తిగారిని చూసి ఆ ఏడుపు సగంలో ఆగిపోయింది.

ఇంతమంది చేరారంటే పోయినవాడెవరో ఘనమైనవాడే అయివుంటాడని ఆయన చెప్పులు విప్పి, మంచానికి నమస్కారం పెట్టి, అప్పుడు అల్లుడి వంక తిరిగారు.

"దండ ఎవరికండీ?"

"మీకేనండి," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

ఇక దాచడానికి ఏమీ లేదు. మిల్లు ఆపడం దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాడు. పంచెనీ, దోమతెరనీ కలిపి లాగితే చర్రున వచ్చాయి. మెరూను రంగు మీద దోమతెర నేతంతా గళ్ళుగళ్ళుగా అచ్చుపడింది, పంచె పక్కల్నుంచి జారి తెర చిరుగుల్లోంచి దిగిన బంతి రేకులు ఎక్కడికక్కడ అతుక్కుపోయాయి. జన్మంతా చాక్‌పీసే అని ఉదయ్‌భాస్కర్ తలవంచుకున్నాడు.

గోపాలకృష్ణమూర్తిగారు టాంకు వంక చూడలేదు. జనం వంక చూస్తున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి చూసి, కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు.

"అప్పాజీ కనపడడేంటి?" అన్నారు. అప్పాజీగారు ఆయనకి నలభై ఏళ్ళ స్నేహితుడు, రోజూ సాయంత్రం ఆ అరుగు మీదే పేకాట.

కబురు పంపామని, భోంచేసి వస్తానన్నారని సంపూర్ణమ్మగారు నసిగారు.

ఆయన ఒక తెల్లకాగితం తెప్పించి అల్లుడి చేతిలో పెట్టారు. ఊళ్ళో ఉండి కూడా రానివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే ఉదయ్‌భాస్కర్ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. పద్దెనిమిది తేలాయి. ఈలోగా నిద్ర లేచిన వీరాస్వామి టాంకుని ఉన్నదున్నట్టే బండికి బిగించి పెట్రోలు పోశాడు. గోపాలకృష్ణమూర్తిగారు ఒక్క తన్నుకి బండి స్టార్టు చేసి, బంతి రేకుల మీద ఒకసారి చెయ్యి వేసుకున్నారు.

"ఇంత పని ఆ రాజమండ్రి పెయింటరు వల్ల అయ్యేది కాదు. వెనక కూర్చోండి అల్లుడుగారూ, కాగితం జాగ్రత్త," అన్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి అప్పాజీగారు ఇంకా మజ్జిగన్నంలోనే ఉన్నారు.