అత్యవసరానికి అంత తొందరెందుకు?

అత్యవసర సమావేశం ఆలస్యంగా మొదలవడాన్ని మించిన వరం ఈ ప్రపంచానికి మరొకటి లేదు. నవ్వకండి! ఇల్లంటుకుంటే బకెట్ పట్టుకుని పరిగెత్తేది మీరూ నేనూ. ప్రపంచ దేశాలన్నీ అలా పరిగెడితే పరువేం కావాలి? ముందు కూర్చోవాలి. అందరికంటే ఎత్తు కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చుకోవాలి. మంటలదేముంది, ఎక్కడికి పోతాయి!

నమ్మకం లేకపోతే టీచరమ్మ సంగతి వినండి.

టీచరమ్మది సముద్రం మధ్యలో చిటికెడు దేశం. మ్యాప్‌లో ఎంత జూమ్ చేసినా నీలం రంగే లోడవుతుంది. మొన్నటిదాకా బళ్లో లెక్కలు చెప్పుకున్న ఆవిడ, ఇప్పుడు ప్రపంచ మహాసభలో ఆ దేశానికి ప్రతినిధి. వాళ్లు పంపగలిగింది ఒక్క మనిషినే కాబట్టి ప్రతినిధి బృందమంతా ఆవిడే. సముద్రం పొంగి వాళ్ల ఊళ్లోకి వచ్చేసింది. జనం మేడలెక్కి కూర్చున్నారు. వాళ్లని దాటించడానికి పెద్ద పడవలు కావాలి. ఆ మాట మైకులో అడగడమే ఆవిడ పని.

అడగడానికి ఎంతసేపండీ? నిమిషం. అంత చిన్న పని కాబట్టే చివర్లో పెట్టారు.

ముందు ఇది ‘అత్యవసరమా’, ‘మిక్కిలి అత్యవసరమా’ అని చర్చ. తేల్చడానికో ఉపసంఘం. ఉపసంఘానికి అధ్యక్షుడొద్దూ? ఆయన్ని ఎన్నుకోవడానికి ఇంకో ఉపసంఘం! మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మేం రాసే కోడ్ ఇలా తన చుట్టూ తనే తిరిగితే బగ్ అని మేనేజర్ గొంతు చించుకుంటాడు. అక్కడ దాన్ని సంప్రదాయం అంటారు. మధ్యలో కాఫీ కూడా ఇస్తారు.

ఇంతలో టీచరమ్మకి ఊళ్లోంచి తమ్ముడి ఫోన్.

"అక్కా, నీళ్లు మెట్లెక్కుతున్నాయే. అడిగావా?"

"లేదురా. సభకి ఇంకా అధ్యక్షుడే దొరకలేదు."

"అదేంటే! అక్కడున్నోళ్లంతా పెద్దోళ్లేగా?"

"అదేరా బాబూ గొడవ!"

నిజమే మరి. ఒక పెద్ద దేశం చెప్పిన పేరు ఇంకో పెద్ద దేశానికి గిట్టదు. ఒకాయన మరీ తెలివైనవాడని వద్దన్నారు. ఇంకొకాయన పోయినసారి సభని టైముకి ముగించాడట, అలాంటివాళ్లతో ప్రమాదమని పక్కనపెట్టారు. ఎవరికీ ఒళ్లు మండించని మనిషి కావాలి. అంటే, ఇప్పటిదాకా నోరు విప్పని మనిషి!

హాలంతా వెతికితే ఒక్కరే తేలారు. తన వంతు కోసం బుద్ధిగా కూర్చున్న టీచరమ్మ.

"నాకెందుకండీ ఇవన్నీ? నేను పడవల కోసం వచ్చాను," అంది పాపం.

"అధ్యక్షురాలైతే సభంతా మీ చేతిలోనే కదమ్మా!" అన్నాడు సభ కార్యదర్శి.

సభ చేతిలో ఉంటే పడవలెంతసేపు? సరేనంది. ఏకగ్రీవం! చప్పట్లు!

ఎత్తు కుర్చీ ఎక్కీ ఎక్కగానే మైకు దగ్గరికి లాక్కుంది. "మా ఊళ్లో జనం మేడల మీద..."

కార్యదర్శి పరుగున వచ్చి చెవిలో గొణిగాడు. "తప్పమ్మా! అధ్యక్షులవారు తటస్థంగా ఉండాలి. చర్చలో మాట్లాడకూడదు."

"మరి మా తరఫున ఎవరు మాట్లాడతారు?"

"మీ ప్రతినిధి."

"ఆ ప్రతినిధిని నేనేనయ్యా!"

"అయితే వారి వంతు వచ్చినప్పుడు పిలవండి. సీట్లో ఉంటే మాట్లాడతారు."

చూశారా, ఎంత పద్ధతో! ఎవరికీ అన్యాయం జరగదు.

చర్చ మొదలైంది. ఒకాయన ఆందోళన వ్యక్తం చేశాడు. ఇంకొకాయన తీవ్ర ఆందోళన వ్యక్తం చేశాడు. మూడో ఆయన ఆ ఇద్దరి ఆందోళననీ అభినందించాడు. చివరికి చిటికెడు దేశం వంతొచ్చింది. టీచరమ్మ తన దేశాన్ని తనే పిలిచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వేదిక దిగి, వెనక వరసలో ఉన్న తన సీటుకి ఒక్క పరుగు తీసింది. మైకు నొక్కింది.

"అధ్యక్షా..." అంది, రొప్పుతూ.

హాలంతా ఎత్తు కుర్చీ వైపు చూసింది. ఖాళీ!

"అధ్యక్షులు లేనిదే సభ చెల్లదు," అని కార్యదర్శి మైకు కట్టేశాడు. "ముందు ఎన్నిక జరగాలి."

సభ్యుల మొహాలు వెలిగిపోయాయి. మళ్లీ ఉపసంఘం, మళ్లీ కాఫీ! ఈసారి మాత్రం వెతుక్కునే శ్రమ లేకపోయింది. ఎవరికీ ఒళ్లు మండించని మనిషి ఎవరో అందరికీ తెలుసు. ఆవిడ వద్దు మొర్రో అంటున్నా, ‘ఎంత వినయం!’ అని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలోనే మళ్లీ ఫోన్ మోగింది.

"అక్కా, నువ్వే అధ్యక్షురాలివంటగా! రేడియోలో చెప్పారే! మేడ మీద అందరం ఒకటే ఈలలు! ఇక మాకేం భయం? చెప్పు, పడవలెప్పుడు పంపుతున్నావ్?"