తొమ్మిదిన్నరకు నవ్వు మొహం

"నూరు రోజుల్లో నూటికి నూరు శాతం ఉత్సాహం!" అని ఉద్యోగుల ఉత్సాహ శాఖ మంత్రిగారు ప్రకటించిన సమయానికి నేను ఆఫీసులో కునికిపాట్లు పడుతున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ మాట అంటూ ఆయన బల్ల గుద్దారనీ, మైకు కిందపడిందనీ, ఆయన మాత్రం చెక్కుచెదరలేదనీ మర్నాడు పేపర్లో చదివాను. నాయకుడంటే అలా ఉండాలి.

మాది ఏడుగురు పనిచేసే టెక్నాలజీ కన్సల్టెన్సీ. మందుల షాపు మేడ మీద రెండు గదులు, ఒక ఏసీ, దాని కింద ఒక బకెట్. ప్రోగ్రామర్ అక్క ప్రోగ్రాములు రాసేది. టెస్టర్ని కాబట్టి నేను వాటిలో తప్పులు పట్టేవాణ్ణి. మిగతా ఐదుగురూ మీటింగుల్లో ఉండేవారు. వాళ్లలో మా ఓనరు ఒకరు. పెద్దాసుపత్రి టోకెన్ల సాఫ్ట్‌వేర్ మాదే. అది అప్పుడప్పుడూ ఒకే నంబరు ఇద్దరు రోగులకు ఇస్తుంది. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోనొస్తుంది, అక్క సరిచేస్తుంది. మా రోజు అలా మొదలయ్యేది.

మంత్రిగారి పథకానికి తొలి విడతలో మా ఆఫీసు కూడా ఎంపికైంది. గోడకి బోర్డు పెట్టారు. అందులో ఏడు పేర్లు, పేరు పక్కన ఒక బల్బు. ఉదయం తొమ్మిదిన్నరకు ఎవరి కంప్యూటర్లో వాళ్లు నవ్వు మొహమో, ఏడుపు మొహమో నొక్కాలి. నవ్వితే పచ్చ, ఏడిస్తే ఎరుపు. ఆ లెక్క మా సెల్లుల్లోనూ కనపడుతుంది, నేరుగా మంత్రిగారి గదికీ పోతుంది.

"పనిని కొలిస్తే ఉద్యోగి మనసు నొచ్చుకుంటుంది. మనసునే కొలిస్తే ఏ గొడవా లేదు" అన్నారు మంత్రిగారు. ఎంత లోతైన మాట! నాకింకా అడుగు తగల్లేదు.

రెండోరోజే అక్క విసుక్కుంది. "తమ్ముడూ, సరిగ్గా తొమ్మిదిన్నరకే ఆసుపత్రి ఫోను మోగుతుంది. నేను టోకెన్లు చూడనా, నవ్వుతూ కూర్చోనా?" అని నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసిపడేసింది. ఆమె బదులు అదే రోజూ నవ్వు మొహం నొక్కుతుంది. వారం తిరిగేసరికి ఆమె ఉద్యోగమే మానేసింది. కప్పూ, కుర్చీ మీది దిండూ పట్టుకెళ్లింది. ప్రోగ్రాం మాత్రం వదిలేసింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడింది. రెండు పనులూ నా నెత్తినే. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి అప్పటికే రెండు పరుగుపందేలు నేను లేకుండా పరిగెత్తింది. "ఫైనల్‌కి కూడా రాకపోతే ఇంక నాన్నా అనను, సార్ అంటాను" అని తేల్చి చెప్పింది.

ఓనరు దగ్గరికి వెళ్లాను. "సార్, అక్క స్థానంలో ఇంకెవరినైనా తీసుకోండి."

"ఆమెకేమైంది?"

"మానేసింది కదండీ. రాజీనామా మీరే తీసుకున్నారు."

"బోర్డు చూశావా?"

చూశాను. అక్క పేరు పక్కన బల్బు పచ్చగా వెలుగుతోంది.

"కాగితాన్ని నమ్మమంటావా, బోర్డుని నమ్మమంటావా? ఆమె ఉంది. ఉత్సాహంగా కూడా ఉంది. నీదే ఏడుపు మొహం!"

నూరోరోజున మంత్రిగారే మా మేడ ఎక్కారు. పదకొండు కార్లొచ్చి వీధి మూసుకుపోయింది. నూరు రోజుల్లో ఒక్కసారీ ఏడవని ఉద్యోగి మొత్తం పథకంలో ఒక్కరేనట. మా అక్క!

"ఏరీ ఆవిడ?" అన్నారు మంత్రిగారు.

ఓనరు చెమట తుడుచుకున్నారు. "ప్రస్తుతం సీట్లో లేరండీ."

"అవార్డు ఇస్తామన్నా పని వదిలి రాలేదా!" మంత్రిగారి కళ్లు చెమర్చాయి. వెండి కప్పు తెచ్చి ఖాళీ కుర్చీలో పెట్టారు. ఫొటోగ్రాఫర్లు కుర్చీని నాలుగువైపుల నుంచీ తీశారు.

నాకు నోరాగలేదు. "సార్, ఆవిడ తొంభై మూడు రోజులుగా..."

"తొంభై మూడు కాదు, నూరు" అన్నాడు పీఏ. "తోటి ఉద్యోగి ఘనత తగ్గించకూడదయ్యా."

మంత్రిగారు బోర్డు వంక చూశారు. "ఇతని బల్బేంటి ఎర్రగా ఉంది?"

"పని ఎక్కువైందంటాడండీ" అన్నారు ఓనరు.

"నెల రోజులు ఆవిడ దగ్గర శిక్షణలో పెట్టండి."

మంత్రిగారి ఆజ్ఞ. మర్నాటి నుంచి రోజూ గంటసేపు ఆ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. ఒక్క కసురు లేదు, ఒక్క విసురు లేదు. అంత ఓపికైన గురువు నాకు బళ్లోనూ దొరకలేదు. మూడోరోజు ధైర్యం చేసి గురువుగారి కంప్యూటర్ తెరిచాను. నాలుగు లైన్లున్నాయి, మూడో లైన్లో ఆమె పేరుంది. ఆ నాలుగూ నా కంప్యూటర్లోకి ఎక్కించుకుని, పేరు మార్చాను. శిక్షణ అక్కరకొచ్చింది. మిగతావాళ్లు అడిగితే వాళ్లకీ నేర్పాను. ఓనరు అందరికన్నా చివర, తలుపు దగ్గరికి వేసి నేర్చుకున్నారు.

ఫైనల్ రోజు తొమ్మిదిన్నరకు నేను బడి మైదానంలో ఉన్నాను. మా అమ్మాయి సున్నం గీత దగ్గర నిలబడి జనంలో నన్ను వెతికింది. కనపడగానే చెయ్యి ఊపింది. ఊపుతుండగానే విజిల్ వేశారు. అందరికన్నా ఆఖర్న వచ్చి, ఆగకుండా నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, చూశావా?" అంది. ఇన్ని రోజుల్లో నాకు నిజంగా నవ్వొచ్చింది అప్పుడే.

ఇంతలో ఫోను మోగింది. ఆసుపత్రి టోకెన్ల కౌంటరమ్మాయి.

"సార్, నలభై ఒకటో నంబరు ఇద్దరికొచ్చింది. ఇద్దరూ నాదంటే నాదంటున్నారు, ఒకాయనకి ఆయాసంగా కూడా ఉంది. డాక్టరుగారు నంబరు తేలేదాకా ఎవర్నీ లోపలికి పంపొద్దన్నారు. మీ ఆఫీసుకి ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు. అక్కడ ఎవరూ లేరా సార్?"

నేను సెల్లులో బోర్డు తెరిచి చూశాను.

"లేకపోవడమేంటమ్మా? ఏడుగురూ ఉన్నారు. మంచి ఉత్సాహంగా ఉన్నారు."