మా మేనత్త లారీ డ్రైవరైన శుభవేళ

కంప్యూటర్లో ఖాళీ గడిని మించిన వరం లేదు! నవ్వకండి. ఆ వరం మా మేనత్త మీదే కురిసింది. విరిగిన మణికట్టుతో ఆస్పత్రికి వెళ్లిన మనిషి, తెల్లారేసరికి లారీ డ్రైవరైంది!

ఒంటాలజీ అని ఒకటుంది. ఒంట్లో అలజడి అనుకునేరు! మనుషులు, మంచాలు, మందులు... దేనికి ఏ లక్షణం, ఎవరికి దేనితో సంబంధం అన్నది కంప్యూటర్‌కి నూరిపోసే విద్య. ఆ ఆస్పత్రి కంప్యూటర్‌కి నూరిపోసింది అత్త సొంత అల్లుడే. సంబంధాలు కలుపుకోవడంలో చెయ్యి తిరిగినవాడు మరి!

కిటికీ పక్క మంచంలో అంతకుముందు ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. అపెండిక్స్ ఆపరేషన్ చెయ్యాలి. అతన్ని పై అంతస్తుకి మార్చి, మంచం అత్తకిచ్చారు. 'ఈ మంచంలో రోగి' అన్న గడిలో పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టాలి కదా? అల్లుడి ప్రోగ్రాం పాతది తియ్యకుండా పక్కనే కొత్తది చేర్చింది. ముందొచ్చినవాళ్లని తోసెయ్యకూడదనే సంస్కారం మనలో ఎంతమందికుంది, చెప్పండి?

అయితే మంచానికి ఒక్కరే రోగి అని దానికి రూలు. పేర్లేమో రెండు. మీరూ నేనూ అయితే ఎవడో పొరపాటు చేశాడని గొణుగుతాం. కంప్యూటర్ ఎవరినీ అలా అనుమానించదు. ఒక్కరే ఉండాలి, రెండు పేర్లున్నాయి, కాబట్టి ఇద్దరూ ఒక్కరే అని తేల్చేసింది. అచ్చమైన అద్వైతం!

మరి ఆడా మగా చూడొద్దా? అత్త పేరు కింద ఆ గడి ఖాళీ! వయసు ఖాళీ, జబ్బు ఖాళీ. ఖాళీ అంటే 'లేదు' అని కాదు, 'ఇంకా తెలియదు' అని ఆ విద్యలో మొదటి పాఠం. తెలియనిది అడ్డెలా చెబుతుంది? దాంతో డ్రైవరుగారి ఆస్తిపాస్తులన్నీ అత్తకి దఖలు పడ్డాయి: మగ, ముప్పై ఏళ్లు, హెవీ లైసెన్సు, బీడీల అలవాటు. ఏ క్రీము ఇస్తుందండీ ఇంత యౌవనం!

పొద్దున్నే నర్సమ్మ స్క్రీను చూసి చెప్పింది. "కాఫీ తాగకూడదండీ. పదింటికి ఆపరేషను."

"దేనికమ్మా? విరిగింది చెయ్యి. కట్టు కట్టేశారుగా!"

"అపెండిక్స్‌కి. బీడీలు మానేశారా?"

"నా మొహం! ఇంతకుముందు ఈ మంచంలో ఉన్న డ్రైవర్ని కాదు తల్లీ నేను!"

"ఇందులో అలా లేదండీ."

స్ట్రెచరు రానే వచ్చింది. అత్త మిగిలిన ఒక్క చేత్తో మంచం ఊచని పట్టుకుని ఉడుంలా వేలాడింది. డాక్టరొచ్చాడు. ఆయనకీ అదే మొర. ఆయన స్క్రీను వైపు తిరిగి, "భయపడకు బాబూ, చిన్న కోతే" అన్నాడు.

అంతలో అల్లుడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"కంగారుపడకండి అత్తయ్యా. డేటా లేక వచ్చిన చిక్కు."

"మీ డేటాకి టాటా చెప్పండి అల్లుడుగారూ! ముందు నన్ను ఆడదాన్ని చెయ్యండి!"

చేశాడు. పాత పేరు చెరిపాడు. పనిలో పనిగా 'ఆయన వేరు, ఈవిడ వేరు' అని ఒక వాక్యం కూడా కొట్టాడు. ఇద్దరు మనుషులు వేర్వేరని ఎవరో ఒకరు విడిగా చెబితే తప్ప దానికి తెలియదట.

"పొద్దుట్నుంచీ నేను గొంతు చించుకుంటున్నది అదేగా!"

"మీరు చెబితే చాలదు అత్తయ్యా. టైపు చెయ్యాలి."

స్ట్రెచరు వెనక్కి మళ్లింది. నర్సమ్మ స్క్రీను చూసి చల్లగా నవ్వింది. "అమ్మా, మీరు ఆడవారేనండీ!"

కాబట్టి మహాశయులారా, కంప్యూటర్‌ని ఒక్క మాట అనకండి. పాపం, దానికి కళ్లు లేవు. కళ్లున్నవాళ్లంతా దాన్నే చూస్తున్నారు!