ఆరని ఎర్రదీపం

ఆ ఉదయం ఆమదాలవలసలో, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులు ఏసురాజుగారు స్క్రూడ్రైవరును రాజదండంలా ధరించి తమ క్యారవాన్‌లో ప్రవేశించారు. పాత వ్యానులో మంచం, పొయ్యి, నీళ్ల హీటరు అమర్చి నిర్మించిన సంచార సౌధమది. భార్య జ్ఞానసుందరిని ఆనాడు అందులో నౌపడలోని ఆమె చెల్లెలింటికి తీసుకుపోవాలి. లోగడ చేసిన ప్రయత్నాలన్నీ, హీటరు ఆపడం మరచినందున, బండి బ్యాటరీ మరణంతో ముగిశాయి.

"ఏటండీ, ఈసారి బేటరీ సచ్చిందంటే నాను రైలెక్కీసి ఎల్లిపోతాను. ఆ బండితో మీరే కాపరం సేసుకోండి!"

"సూస్తుండు సుందరీ. నీళ్లు కాగుతుంటే స్విచ్చిలో ఎర్రదీపం ఎలుగుతాది, ఆపితే ఆరిపోతాది. ఇంక మరుపన్న మాటే లేదు."

స్విచ్చికి తీగలు బిగించే కాళ్లు మూడు. బ్యాటరీ తీగ బిగించాల్సిన కాలికి హీటరు తీగను, హీటరు తీగ బిగించాల్సిన కాలికి బ్యాటరీ తీగను బిగించారు ఏసురాజుగారు. దాంతో హీటరు స్విచ్చి మాట వింటుంది గాని, దీపం మాత్రం ఎవరి మాటా వినదు. నొక్కకముందే అది వెలిగేసరికి ఆయన తన పనితనానికి తానే ముగ్ధులై స్నానానికి వెళ్లిపోయారు.

ఇంతలో ప్రయాణ ప్రార్థనకు పాస్టరు ఎజ్రాగారితో సంఘస్థులు వచ్చి, ఒక్కొక్కరే సౌధ సందర్శనం చేశారు. మందిరం విడిచేవారు కనబడిన స్విచ్చినల్లా ఆర్పాలన్నది ఆ సంఘపు అలిఖిత శాసనం. దిగే ప్రతివారూ దీపం చూసి, భక్తితో ఒక నొక్కు నొక్కారు.

"మేస్టారూ, నొక్కీసినా ఆరదేటి?" అంది సంఘస్థుల్లో చివరగా దిగబోతున్న షీబా.

"గట్టిగా నొక్కమ్మా! సైన్సు అబద్ధమాడదు," అన్నారు స్నానం ముగించి వచ్చిన ఏసురాజుగారు. ఆమె బొటనవేలు ఎర్రబడేలా నొక్కింది. దీపం చలించలేదు. నొక్కుల లెక్క బేసిసంఖ్యలో తేలడంతో హీటరు మాత్రం మహాదీక్షగా కాగసాగింది.

ఎజ్రాగారు టైర్లనూ బ్రేకులనూ, నరసన్నపేట, టెక్కలి దారిలోని మలుపులన్నిటినీ పేరుపేరునా దేవునికి అప్పగించారు. తొందరపడే ప్రార్థన కాదది. చివరి ఆమెన్‌కు ఎర్రదీపం మినుకుమని ఆరిపోయింది.

"సూసారా! ఆరిపోనాది!" ఏసురాజుగారు గర్జించారు. సంఘమంతా హల్లెలూయ అంది. ఆయన విజేతలా స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పారు.

టక్.

మళ్లీ తిప్పారు. ఈసారి ఆ టక్ కూడా రాలేదు. ఆయన తల వంచుకున్నారు. "నువ్వు రైలుకెల్లు సుందరీ. నాను దీని సంగతి సూస్తాను."

"సూసింది సాలు, దిగండి. పొద్దున్న మీరు స్క్రూడ్రైవరు తియ్యగానే రెండు టికెట్లు తెప్పించీసినాను," అంది జ్ఞానసుందరి.

రైలుపెట్టెలో చార్జింగు ప్లగ్గు పక్కన చిన్న ఎర్రదీపమొకటి వెలుగుతోంది. ఏసురాజుగారి చేయి మెల్లగా అటు కదిలింది. జ్ఞానసుందరి ఆ చేతిని పట్టుకుని, నౌపడ వచ్చేదాకా వదలలేదు.

తోటి ప్రయాణికులు దానిని అనురాగమనుకున్నారు.